చప్పట్లు కొట్టినవాళ్లు

జూన్ 4

అక్కయ్యకి తమ్ముడు నమస్కరించి రాసేది.

నా రాత సంగతి నీకు తెలుసు. ఈ చేతికి సూది అలవాటు, కలం కాదు. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. సర్దుకుని చదువు. అర్థం కాని చోట నువ్వే ఏదో ఒకటి అనుకో.

నేను క్షేమం. నువ్వు, అమ్మాయి, అల్లుడు క్షేమమని తలుస్తాను.

నన్ను అక్కడికి వచ్చి ఉండిపొమ్మని నువ్వు రాసిన ఉత్తరం అందింది. షాపులో పని పోయిన మాట నిజమే. ఇప్పుడు అందరూ కుట్టినవే కొనుక్కుంటున్నారు. బట్ట తెచ్చి కుట్టించుకునేవాళ్లు లేరు. యజమాని మంచివాడే. నా మిషను నన్నే తీసుకెళ్లమన్నాడు. గదిలో కిటికీ పక్కన వేసుకున్నాను.

వస్తాను. కాని వెంటనే రాలేను. ఇక్కడ ఒక ఆట మొదలైంది.

నా గది వెనక ఒక మైదానం ఉంది. పొద్దున షాపుకి పోయి చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి గనక ఇన్నాళ్లూ ఆ కిటికీ తీసిన పాపాన పోలేదు. పోయిన ఆదివారం తీసి కూర్చుంటే ఒక బంతి వచ్చి మిషను మీద పడింది. నూనె డబ్బా బోర్లా పడింది. అది బంతి అనుకోలేదు ముందు. గుండ్రంగా లేదు. పెద్ద కోడిగుడ్డులా, రెండు కొసలూ మొనతేలి ఉంది. ఎవరో దిండు పారేశారనుకున్నాను.

దాని కోసం ఒకరు వచ్చారు. బస్సు కండక్టరట. ఒళ్లంతా బురద. "నూనె ఒలికిపోయిందా తాతా, ఏమనుకోకు" అన్నారు. చూస్తే కాలరు చిరిగి వేలాడుతోంది. స్టూలు చూపించాను. కూర్చున్నారు. కుట్టి ఇచ్చాను. మర్నాడు ఇంకో నలుగురు వచ్చారు, చిరిగినవాటితో. నేనేమీ అడగలేదు. వాళ్లే చెప్పారు, ఆ ఆటని రగ్బీ అంటారని.

వచ్చే నెల వేరే ఊరి వాళ్లతో పోటీ ఉందట. అదొక్కటి చూసి వస్తాను.

ఇట్లు
నీ తమ్ముడు


జూన్ 15

తమ్ముడికి అక్క ముందు దీవించి, తర్వాత తిట్టి రాసేది.

ఒరేయ్ మౌనీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఇంతవరకూ రాసిన ఉత్తరాలన్నీ 'క్షేమం' దగ్గర మొదలై 'తలుస్తాను' దగ్గర ఆగిపోయేవి. ఈసారి కాగితం రెండు వైపులా నింపావు. ఒంట్లో బాగానే ఉందా?

అమ్మాయి నీ కోసం వీధి వైపు గదికి సున్నం వేయించింది. మంచం వేసింది. అల్లుడు ఫ్యాను మార్పించాడు. పక్కింట్లో రిటైరైన కంపౌండరు గారున్నారు. ఆయనకి చదరంగం పిచ్చి. మాట్లాడకుండా ఎదురుగా కూర్చునే మనిషి కోసం ఊరంతా వెతుకుతున్నారు. నువ్వు దొరికితే వదలరు. నువ్వేమో అక్కడ కిటికీలోంచి పడ్డ బంతి కోసం ఉండిపోతానంటున్నావు.

జీవితమంతా ఆసుపత్రిలో ఆయాగా చేసినదాన్ని. ఒంటరిగా ఉండే ముసలి మగవాళ్లని ఎలా తీసుకొస్తారో చూశాను. పడిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. పాలవాడు తలుపు కొట్టి కొట్టి నలుగురినీ పిలిస్తే, అప్పుడు బద్దలు కొడతారు. నీకైతే పాలవాడు కూడా లేడు, నువ్వు డికాషనే తాగుతావు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. వేళాకోళం కాదు.

నువ్వు 'వస్తాను, కాని' అన్నావంటే రావని అర్థం. చిన్నప్పుడు స్నానానికి పిలిచినా అదే మాట. అందుకని ఒక గడువు పెడుతున్నాను. నీ వాళ్లు గెలిచినంతకాలం అక్కడే ఉండి చూడు. ఓడిన రోజున మూట కట్టు. నీ అదృష్టం నాకు తెలుసు గనక మొదటి ఆటకే ఓడతారు. ఒప్పుకుంటున్నట్టు ఒక్క ముక్క రాయి. మాట ఇచ్చాక తప్పడం నీకు చేతకాదు, ఆ ధైర్యంతోనే అడుగుతున్నాను.

ఇంతకీ ఆ ఆటలో ఏం చేస్తారు?

నీ అక్క


జూలై 9

అక్కయ్యకి నమస్కారాలు.

ఒప్పుకుంటున్నాను. ఓడిన రోజున వస్తాను.

మొన్న పోటీ జరిగింది. మనవాళ్లు గెలిచారు. అందుకని ఈ నెల రావడం లేదు.

ఆటలో ఏం చేస్తారని అడిగావు. బంతి పట్టుకుని ఆ చివరి గీత దాకా పరిగెత్తి, గీత దాటాక నేలకి ఆనించాలి. దాటనివ్వకుండా అవతలివాళ్లు మీద పడతారు. ఒకరి మీద పదిమంది పడ్డా ఎవరూ ఏమీ అనుకోరు. ఉండుండి ఎనిమిదేసి మంది తలలు వంచి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, ఎదురెదురుగా తోసుకుంటారు. అచ్చం బండి బురదలో దిగబడితే తోసినట్టే, కాని బండి ఉండదు.

ఎవరు గెలిచారో ఎవర్నీ అడగలేదు. అడగక్కర్లేకుండానే తెలిసింది. అంకెల పలక మైదానం ఆ చివర ఉంది, నా కళ్లకి ఆనదు. ఆట అయిపోయాక మనవాళ్లు రెండు వరసలు కట్టి ఎదురెదురుగా నిలబడ్డారు. అవతలివాళ్లు ఆ మధ్యలోంచి తలలు దించుకుని నడిచి వెళ్లారు. మనవాళ్లు చప్పట్లు కొట్టారు. గెలిచినవాళ్లకే గదా చప్పట్లు కొట్టే ఓపిక ఉంటుంది. ఓడినవాళ్లని మధ్యలోంచి నడిపించడం కొంచెం కటువుగా అనిపించింది. కాని ఆట నియమం కాబోలు.

అన్నట్టు ఆట మధ్యలో గున్నకి భుజం దగ్గర బెత్తెడు చిరిగింది. గున్న అంటే మన జట్టులో అందరికన్నా లావు, లాండ్రీలో పని. గట్టు మీద కూర్చోబెట్టి అక్కడికక్కడే కుట్టేశాను. కదలొద్దంటే ఒకటే నవ్వు. మళ్లీ వెళ్లి ఆడడం కూడా అయింది.

నీ తమ్ముడు


జూలై 20

తమ్ముడికి.

దీవెనలు తర్వాత. నీకేమైనా మతి పోయిందా?

బెత్తెడు చిరిగితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గట్టు మీద కూర్చోబెట్టి కుట్టడానికి నువ్వెవరు? సూది మరిగించావా? ఏ దారంతో కుట్టావు? మత్తు లేకుండా కుట్టించుకుని నవ్వే మనిషిని నా సర్వీసులో చూడలేదు. వాడికి జ్వరం వచ్చిందా? చీము పట్టిందా? చుట్టూ ఎర్రబడితే వెంటనే ఇంజెక్షన్ వేయించు. పోలీసులు వస్తే నీకు కళ్లు సరిగా కనపడవని చెప్పు. కాదు, అది చెప్పొద్దు, ఇంకా ప్రమాదం.

అమ్మాయి "మామయ్యకి అంత ధైర్యం ఎక్కడిదమ్మా" అంటోంది. అల్లుడు కంగారుపడి నిన్ను తీసుకురావడానికి సెలవు పెడతానన్నాడు. నేనే ఆపాను. ఒప్పందం ఒప్పందం. గెలిచారంటున్నావు గదా, సరే.

ఎంత మోటువాళ్లు అయితే మాత్రం, ఓడినవాళ్లని మధ్యలోంచి నడిపించి చప్పట్లు కొడతారా? ఆ మగాళ్లకి బుద్ధి చెప్పే ఆడది ఒక్కతీ లేదా ఆ ఊళ్లో?

వెంటనే రాయి. వాడి భుజం సంగతి ముందు రాయి.

అక్క


ఆగస్టు 2

అక్కయ్యకి నమస్కారాలు.

చిరిగింది చొక్కా. దారం నలభై నంబరు.

గున్న భుజానికి ఏమీ కాలేదు. ఆ అమ్మాయి భుజానికి ఏమైనా అయ్యే పని కాదు. మొన్న నా మిషనుని ఒక్క చేత్తో ఎత్తి పక్కకి పెట్టింది, కింద ఊడవడానికి.

వాళ్లంతా ఆడపిల్లలే. ముందు రాశాననుకున్నాను. కండక్టరమ్మ వాళ్లకి కెప్టెను. గున్న కాకుండా ఒక నర్సు, కూరగాయలు అమ్ముకునే అక్కాచెల్లెళ్లు, ఒక బడి టీచరు. మిగతావాళ్ల పనులు ఇంకా తెలియదు. చొక్కా నంబర్లు తెలుసు.

ఈ నెల కూడా గెలిచారు. మళ్లీ మనవాళ్లే వరసలు కట్టి చప్పట్లు కొట్టారు. అందుకని రావడం లేదు.

ఈ ఆటలో ఒక వింత ఉంది. అందరూ ముందుకే పోవాలి, కాని చేత్తో బంతి ముందున్న మనిషికి ఇవ్వకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. చేత్తో గట్టి కుట్టు వేసేటప్పుడు సూదిని కాస్త వెనక్కి దింపి ముందుకి తీస్తాం చూడు, అలాగన్నమాట. మొదట పిచ్చి నియమం అనుకున్నాను. చూడగా చూడగా అదే బాగుంది. బంతి ఉన్న పిల్ల వెనక్కి చూడదు. చూడకుండానే ఇస్తుంది. అక్కడ ఎవరో ఒకరు ఉంటారని ఆ పిల్లకి తెలుసు. ఎవరూ లేనప్పుడు బంతి నేల మీద పడి, దాని ఇష్టం వచ్చిన వైపు ఎగురుతుంది.

నేను అరవను. నాకు గొంతు రాదు. బంతి గీత దాటితే లేచి నిలబడతాను. పక్కనున్నవాళ్లు నన్ను వింతగా చూస్తున్నారు. ముసలివాడికి ఇంత సరదా ఏమిటనుకుంటున్నారేమో.

నీ తమ్ముడు


ఆగస్టు 14

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది.

అమ్మాయిలా?

రెండు నెలల నుంచి రాస్తున్నావు, ఒక్కసారైనా ఆ మాట అనొద్దూ? నేను నా మనసులో మీసాలూ గడ్డాలూ పెట్టుకుని చదువుకుంటున్నాను. మొన్న అందరికీ గడ్డాలు తీసేసి, ఉత్తరాలన్నీ మళ్లీ మొదటినుంచి చదివాను. కథే మారిపోయింది.

నాకు మొదట కోపం వచ్చింది. రేపు ఆ పిల్లలకి కాన్పు కష్టమవుతుందేమో అనిపించింది. తర్వాత ఆలోచించాను. వార్డులో తాగొచ్చిన మగవాళ్లని మంచానికి అదిమిపట్టడానికి ఎవర్ని పిలిచేవాళ్లు? నన్నే. ఆ రోజుల్లో ఇలాంటి ఆట ఉందని ఎవరైనా చెప్పి ఉంటే నేను ఆ తోపులాటలో మధ్యన నిలబడేదాన్ని.

సాయంత్రం రెండిళ్ల మధ్య గోడ దగ్గర కంపౌండరు గారితో చెప్పాను. మా తమ్ముడి జట్టు రెండు పోటీలు గెలిచింది, అందరూ ఆడపిల్లలే అని. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఆడవాళ్లు ఆడితే అవతలివాళ్లు పోనీలే అని వదిలేసి ఉంటారండీ" అన్నారు. "అవతల కూడా ఆడవాళ్లేనండీ. వాళ్లు ఎవర్ని పోనీలే అని వదిలారు?" అన్నాను. ఆయన చదరంగం పలక సర్దుకుని లోపలికి పోయారు.

ఓడితే మాత్రం రావాలి సుమా. నీ మంచం మీద అల్లుడు ఇస్త్రీ బట్టలు పెడుతున్నాడు. రోజూ తీయిస్తున్నాను.

ఈసారి ఎలా గెలిచారో వివరంగా రాయి. ఆయనకి చదివి వినిపించాలి.

నీ అక్క


సెప్టెంబరు 10

అక్కయ్యకి నమస్కారాలు.

మళ్లీ గెలిచారు. వివరంగా రాయమన్నావు. రాస్తున్నాను.

మొదటి సగంలో మనవాళ్లు కుళాయి ఉన్న వైపు నుంచి గోడ వైపుకి పరిగెత్తారు. గోడ వైపు గీత ఒక్కసారి దాటారు. గున్న దాటింది. దాటింది అనకూడదు. నలుగురిని మోసుకుంటూ వెళ్లి గీత మీద పడింది. లేచాక నా వైపు చూసింది. నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

మధ్యలో విశ్రాంతి. తర్వాత ఎందుకో అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారతారు. ఎండ కళ్లలో పడకుండా కాబోలు. అప్పటినుంచి మాత్రం ఎవరు ఎటు పోతున్నారో నాకు తికమక. బురదలో అందరి చొక్కాలూ ఒకే రంగు. గోడ వైపు గీత ఎవరు దాటినా మనవాళ్లేనని లేచి నిలబడ్డాను. చాలాసార్లు నిలబడ్డాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి.

చివర మామూలే. మనవాళ్లు వరసలు కట్టారు. చప్పట్లు. అవతలివాళ్లు తలలు దించుకుని మధ్యలోంచి పోయారు.

మన పిల్లల్లో నాకు నచ్చేది వాళ్ల అణకువ. గెలిచామని ఎగరరు. మొహాలు వేలాడేసుకుని కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటారు. నర్సయితే కళ్లనీళ్లు పెట్టుకుంది. కండక్టరమ్మ నా దగ్గరికి వచ్చి, "ఇంకా నేర్చుకుంటున్నాం తాతా. వచ్చేసారి చూద్దాం" అంది. ఇంత గెలిచాక కూడా ఆ మాట. నేను నవ్వాను. బాగా నవ్వాను. ఆ పిల్ల నన్ను కాసేపు అలాగే చూసి, తనూ నవ్వింది.

అవతలివాళ్లకి మాత్రం సిగ్గు తక్కువ. ఓడిపోయి కూడా బస్సులో పాటలు పాడుకుంటూ పోయారు.

కాలర్ల కింద లోపలివైపు ఇంకో పట్టీ వేస్తున్నాను. ఎంత లాగినా ఊడదు. పిల్లలు పని అయ్యాక వచ్చి గదిలో కూర్చుంటారు. ఉన్నది ఒక్క స్టూలు. మిగతావాళ్లు నేల మీదే. వాళ్లే మాట్లాడుకుంటారు. నన్ను మాట్లాడమనరు. హాయిగా ఉంటుంది.

నీ తమ్ముడు


సెప్టెంబరు 22

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం గోడ దగ్గర పైకి చదివాను. కంపౌండరు గారు, వాళ్లావిడ, కింద వాటాలో టైపు నేర్పే ఆయన, ఎదురింటి మేడ మీద వాళ్లు, అందరూ విన్నారు. గున్న నలుగురిని మోసుకుని వెళ్లిన చోట మళ్లీ చదవమన్నారు. చదివాను.

టైపు ఆయన "ఏ జట్టూ ఒక్కసారి కూడా ఓడకుండా ఉండదండీ" అన్నారు. "ఉంటుంది. మా తమ్ముడు అబద్ధం రాసే మనిషి కాదు. అసలు రాసే మనిషే కాదు" అన్నాను.

ఒక మాట చెప్తాను, ఎవరితోనూ అనకు. నెల ముందు వరకూ నీ వాళ్లు ఎప్పుడు ఓడతారా అని చూసేదాన్ని. ఇప్పుడు ఉత్తరం విప్పగానే క్షేమం కన్నా ముందు ఆట సంగతే వెతుకుతున్నాను. గెలిస్తే బాగుండునని ఉంటుంది. గెలిస్తే నువ్వు రావు. అలాగని ఓడమని ఎలా కోరుకోను, గున్న మొహం చూడకపోయినా చూసినట్టే ఉంది.

అక్క

మరిచిపోయాను. ఆ అవతలివాళ్లు బస్సులో పాడుకోవడం నాకూ నచ్చలేదు.


అక్టోబరు 12

అక్కయ్యకి.

ఓడిపోయారు.

ఈ ఏటికి ఇదే ఆఖరి పోటీ. ఆట అయ్యాక అవతలివాళ్లు వరసలు కట్టారు. వాళ్లే చప్పట్లు కొట్టారు. మన పిల్లలు మధ్యలోంచి నడిచారు. గున్న వెక్కి వెక్కి ఏడుస్తోంది. కండక్టరమ్మ కూడా. ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

నాకు చూడబుద్ధి కాలేదు. ఎవరికీ కనపడకుండా గదికి వచ్చేశాను. వెళ్లి ఒక మాట చెప్పాల్సింది.

మిషను గోనెసంచిలో కట్టాను. వాళ్లవి కుట్టాల్సిన చొక్కాలు రెండున్నాయి. అవి ముగించి ఇచ్చి బయలుదేరతాను. గురువారం బండికి అల్లుణ్ణి స్టేషనుకి పంపు.

మాట ఇచ్చాను గనక వస్తున్నాను.

తమ్ముడు


అక్టోబరు 14

అక్కయ్యకి నమస్కారాలు.

మొన్నటి ఉత్తరం పోస్టు డబ్బాలో వేసేశాను. తిరిగి తీసే వీలు లేదు. ఇది దాని వెనకాలే వస్తుంది. ముందు ఇది అందితే అది చదవకు.

నిన్న పొద్దున పిల్లలంతా వచ్చారు. గది నిండిపోయి కొందరు మెట్ల మీద నిలబడ్డారు. కండక్టరమ్మ గోనెసంచి చూసింది.

"ఇదేంటి తాతా, మూట కట్టావు?"

నేను చేతిలో చొక్కా మడత పెట్టాను.

"నిన్న ఎటు పోయావు? మైదానమంతా వెతికాం. గెలిచిన రోజే కనపడకుండా పోతావా?"

"గెలిచిన రోజా?" అన్నాను. బయటికే అన్నాను.

"మరి? మొట్టమొదటి గెలుపు తాతా. గున్న ఏడుపు ఆపలేక చచ్చాం."

"నేనేం ఏడవలేదు," అంది గున్న. "చెమట."

"చెమటకి ఎక్కిళ్లు వస్తాయటే" అంది నర్సు.

నేను స్టూలు మీద కూర్చున్నాను. వాళ్ల మాటల్ని బట్టి మెల్లగా అర్థమైంది. ఓడినవాళ్లే వరసలు కట్టి, గెలిచినవాళ్లకి చప్పట్లు కొట్టి పంపుతారట, ఇక్కడి మర్యాద అదట. మధ్యలోంచి పోయేవాళ్లు తలలు దించుకునేది అలిసిపోయి, కొంత మొహమాటంతో. అంటే అక్కయ్యా, మనవాళ్లు ఈ ఏడు ఆడినవన్నీ ఓడిపోయారు. నేను నీకు గెలిచారని రాసినవన్నీ. మొన్నటిది తప్ప.

ఇంతమందిలో ఒక్కరిని అడిగి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది. అడగడం నాకు చేతకాదు, నీకు తెలుసు.

నేను ఏదో అనబోయాను. అంతలో కండక్టరమ్మ అంది, "తాతా, నీకో మాట చెప్పాలి. ఓడిన ప్రతిసారీ అందరూ మాకేసి జాలిగా చూసేవాళ్లు. నువ్వొక్కడివే లేచి నిలబడి నవ్వుతూ ఉండేవాడివి. అవతలివాళ్లు గీత దాటినా నిలబడేవాడివి. ఆట అంటే ఇష్టముండాలి గానీ గెలుపోటములేంటని నిన్ను చూసే అనుకున్నాం. మూడో ఆట అయ్యాక జట్టు మూసేద్దామనుకున్నాం. ఆ రోజు నువ్వు అంత నవ్వు నవ్వావు. ఎలా మూస్తాం?"

టీచరు కళ్లు తుడుచుకుంది. అందరూ నా వైపే చూస్తున్నారు.

నిజం చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. నోరు రాలేదు. ఎప్పుడూ రాదు, కాని ఈసారి రాకపోవడమే మంచిదనిపించింది. వాళ్లకి చెప్పలేదు. నీకు రాస్తున్నాను.

గున్న గోనెసంచి విప్పి మిషను మళ్లీ కిటికీ దగ్గర పెట్టేసింది. వద్దనడానికి నాకు మాట దొరికేలోపు పెట్టేసింది.

ఇప్పుడు నాకు పాలుపోవడం లేదు. మన ఒప్పందం ప్రకారం జూలైలోనే నేను అక్కడికి వచ్చి ఉండాలి. రాలేదు, మాట తప్పినట్టే. అదే ఒప్పందం ప్రకారం మొన్న గెలిచారు గనక ఇప్పుడు రాకూడదు. ఏది లెక్కలోకి తీసుకోవాలి? నువ్వు రమ్మంటే వస్తాను. ఉండమంటే ఉంటాను. ఉండాలనే ఉంది. ఇది రాయడానికి చాలాసేపు పట్టింది.

తమ్ముడు


అక్టోబరు 25

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది.

ఓడిపోయారన్న ఉత్తరమే ముందు వచ్చింది. అమ్మాయి దుప్పట్లు మార్చింది. అల్లుడు స్టేషనుకి వెళ్లి, బండి ఖాళీ అయ్యేదాకా నిలబడి, ఎవరినో ముసలాయన్ని నువ్వనుకుని పెట్టె అందుకోబోయి తిట్లు తిని వచ్చాడు. అంతా నేను కోరుకున్నట్టే జరుగుతోంది గదా, సంతోషించాలి. కాని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. గున్న ఏడ్చిందని రాశావు చూడు, అక్కడ.

మర్నాడు రెండోది వచ్చింది. చదివాను. నవ్వాలో, నిన్ను పట్టుకుని నాలుగు వాయించాలో తెలియలేదు. ఒక ఏడంతా ఓడిపోయే జట్టు గెలిచిందని సంబరపడ్డావు. గెలిచిన ఒక్క రోజున మూట కట్టావు. ఇలా చేయడం నీ ఒక్కడివల్లే అవుతుంది.

సరే, తీర్పు చెప్తున్నాను విను.

నువ్వు ఇప్పుడు ఇక్కడికి రావడానికి వీల్లేదు. ఈ వీధిలో ఇంటింటికీ నీ జట్టు ఓటమెరగదని చాటాను. టైపు ఆయన ఆ కథని తన దగ్గరికొచ్చే పిల్లలచేత టైపు కొట్టించి గోడకి అంటించారు. నువ్వు వస్తే అందరూ నీ చుట్టూ చేరతారు. "మళ్లీ గెలిచారా" అని అడుగుతారు. నీకు అబద్ధం చెప్పడం రాదు. నోరు విప్పవు గాని మొహం అంతా చెప్పేస్తుంది. నా పరువు ఏం కావాలి?

ఇంకొకటి. నీకు నచ్చకపోవచ్చు. నువ్వు నా ఎదురుగా ఉన్న రోజుల్లో నాతో ఎన్ని మాటలు మాట్లాడావు? వస్తే వీధి గదిలో కూర్చుని 'ఊ' అంటావు, కంపౌండరు గారితో చదరంగం ఆడతావు. కాగితం మీదయితే ఇంత మాట్లాడతావని నాకు ఈ వయసులో తెలిసింది. మన ఇంట్లో నీ గొంతు వినడం ఇదే మొదటిసారి. దాన్ని నేనే చెడగొట్టుకోను.

కాని తలుపు బద్దలు కొట్టే భయం నాకు పోలేదు. అందుకని నీ గది తాళం ఇంకొకటి చేయించి కండక్టరమ్మకి ఇవ్వు. ఇచ్చానని రాస్తేనే నమ్ముతాను.

కొత్త ఒప్పందం. ఇక నుంచి ఓడితే ఉండు. గెలిస్తే బండెక్కి నా దగ్గరికి రా. నాలుగు రోజులుండి, ఎలా గెలిచారో గోడ దగ్గర నిలబడి చెప్పి వెళ్లు. ఆ పాటికి చెప్పడం నేర్చుకో.

ఇప్పుడు చెప్పు, కంపౌండరు గారికి నేను ఏం చెప్పాలి? రోజూ అడుగుతున్నారు. గోడ వైపు వెళ్లడం మానేశాను.

నీ అక్క


నవంబరు 20

అక్కయ్యకి నమస్కారాలు.

తాళం ఇచ్చాను. ఇచ్చినప్పటినుంచి తలుపు తట్టడం మానేశారు. నేరుగా వచ్చేస్తున్నారు. మొన్న స్నానం చేసి వచ్చేసరికి పదకొండు మంది ఉన్నారు.

అల్లుడికి నా వల్ల కలిగిన ఇబ్బందికి ఏమనుకోవద్దని చెప్పు.

నిన్న ఉత్తినే ఒక ఆట పెట్టుకున్నారు. పోటీ కాదు. చివర్లో పక్కనున్న ఆయన్ని అడిగాను, ఎవరు గెలిచారు అని. అడగడానికి ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. ఆయన చెప్పాడు. చెప్పి, "ప్రతిసారీ మీరే అందరికన్నా ఎక్కువ సంబరపడతారు, మీకే తెలియదా" అన్నాడు.

ఓడాం.

వరసలు కడుతుంటే గున్న వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. వద్దంటే వినే మనిషి కాదు. వరస చివర నిలబెట్టింది. గెలిచినవాళ్లు మధ్యలోంచి వచ్చారు. దగ్గర్నుంచి చూశాను. చిన్నపిల్లలు. మోచేతులు గీసుకుపోయి ఉన్నాయి. ఒకమ్మాయి కాలరు పూర్తిగా ఊడిపోయింది, వాళ్లకి కుట్టేవాళ్లు లేరనుకుంటాను. చప్పట్లు కొట్టాను. ఆ అమ్మాయి నాకు తల వంచి దండం పెట్టింది. నేనూ పెట్టాను. ఓడినవాళ్లం ఏం చేయాలో అది చేశాం.

కాబట్టి ఒప్పందం ప్రకారం ఇప్పుడు రావడం లేదు.

కంపౌండరు గారికి ఏం చెప్పాలని అడిగావు. ఉన్నదంతా చెప్పు. మేం అన్నీ ఓడామని, ఒక్కటి గెలిచామని, నాకు తెలియలేదని చెప్పు. టైపు ఆయన్ని గోడ మీద అంటించిన కాగితం కూడా తీసేయమను. కంపౌండరు గారు నవ్వితే నవ్వనీ. నవ్వాక ఏమన్నారో, దానికి నువ్వేమన్నావో, నాకు తెలియకపోయిన ముక్క మాత్రం దాటేసి, పిల్లలకి చదివి వినిపించాలి. గదిలో అందరూ ఆయన సంగతే అడుగుతున్నారు. ఆలస్యం చేయకుండా వెంటనే జవాబు రాయి.

తమ్ముడు